ఆకు ముందు అన్న పేరు

కొత్త కంప్యూటర్ ఆన్ కాలేదు. బటన్ నొక్కితే దీపం వెలుగుతోంది, లోపల ఫ్యాను తిరుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. నల్లగా అలాగే ఉండిపోతోంది.

హేమలతకి ఇలాంటివి కొత్తేం కాదు. సాలూరు నుంచి వచ్చి అరకు సంత వీధిలో ఆన్‌లైన్ సెంటర్ పెట్టిన మనిషి. మొన్నటి పిడుగుకి పాత కంప్యూటర్ మాడిపోతే, విశాఖ నుంచి విడిభాగాలు తెప్పించి తనే బిగించుకుంది. ఇప్పుడు మళ్ళీ విప్పింది. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టింది. గాడి మార్చి చూసింది. బిళ్ళ బ్యాటరీ ఊడదీసి కాసేపాగి తొడిగింది. మానిటర్ తీగ మార్చింది. ఫ్యాను తిరిగింది. తెర వెలగలేదు.

బయట సంత ముగుస్తోంది. పొగమంచు కొండ దిగి గుమ్మం దాకా వచ్చేసింది. తడి గోనెల వాసన, పచ్చి అల్లం వాసన లోపలికి కొడుతున్నాయి. ఎక్కడో జీపు వాడు ఆఖరి కేకలు వేస్తున్నాడు.

బెంచీ అంచున కనక కూర్చుని ఉంది. నర్సింగ్ సీటు కోసం కాలేజీలు ఎంచుకోవడానికి ఇవాళే ఆఖరు. ఫోనులో ఆ పేజీ సగంలో ఆగిపోతోంది. ఇవాళ దాటితే ఆ పిల్లకి మిగిలేది కాఫీ తోటలో కూలి.

"మేడమ్, అవుతాదా?"

"అవక ఏటి చేస్తాది? నువ్వు గోళ్ళు కొరకడం ఆపు గుంటా, బేగి అవుతాది."

కనక పక్కనున్న నాయనమ్మ యర్రమ్మ ఇంతసేపూ ఆ పెట్టెనే చూస్తోంది. "దీనికి కొత్త సేసినావా అమ్మా?" అంది.

"ఇదేమన్నా సామల పంటా యర్రమ్మా, కొత్త చెయ్యడానికి?"

"కొత్తదే కదేటి."

కొండ మీద కొత్త పండగ చేయనిదే కొత్త గింజ ముట్టరు. మొదటి గుప్పెడు ఆకులో పెట్టి, ఇంట్లో చనిపోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. వాళ్ళు తిన్నాకే బతికున్నవాళ్ళు తినాలి. యర్రమ్మ కొంగు ముడి విప్పి, అడ్డాకు ముక్కలో సామలు పోసి కంప్యూటర్ పెట్టె మీద పెట్టింది.

"నీ ఇంట్లో పోయినోల పేరు సెప్పు. బతికున్నోల పేరు మాత్రం ఈ ఆకు ముందు అనకు. ఆలనే తినేస్తాది."

హేమలత ఇంట్లో పోయినవాడు ఒక్కడే. మొగుడు సింహాచలం. బతికున్నన్నాళ్ళూ చుట్ట ఆర్పడానికి ఆమె ముంజేతినే వాడుకున్నాడు. పోయాక ఆ పేరు ఆమె నోట రాలేదు.

అప్పుడే వాసన వచ్చింది.

చుట్ట వాసన. పెట్టెలోంచి. ఫ్యాను ఊదుతున్న గాలి వెచ్చగా ఉంది... తడిగా ఉంది... ఎవరో మొహంలో మొహం పెట్టి విడుస్తున్న ఊపిరిలా. ముంజేతి మీద మానిన మచ్చలు ఒక్కొక్కటే చురుక్కుమన్నాయి.

"పేరమ్మా..." యర్రమ్మ గుసగుసలాడింది.

ఫ్యాను ఆగింది. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ దగ్గు హేమలత ఎరుగును. కొట్టబోయే ముందు వచ్చే దగ్గు. పిలుపు కోసం కాచుకుని ఉన్నాడు.

బతికున్నవాళ్ళ పేరు అనకూడదని ఆమెకి తెలుసు. ఇప్పుడే విన్నది.

"కనక," అంది.

బీప్... తెర వెలిగింది.

కనక చప్పట్లు కొట్టింది. యర్రమ్మ ఆకు వైపు చూసింది. అందులో ఒక్క గింజ లేదు.

"ఏటి సేసినావమ్మా..."

"ఊరుకో నాయనమ్మా, పని అవనీ!"

పని అయింది. కాలేజీలన్నీ వరసగా ఎంచి, చివరి బటన్ కనకే నొక్కింది. చెయ్యి మౌస్ మీంచి తీయలేదు.

"కనకా?"

రొమ్ము లేస్తోంది, పడుతోంది. ఊపిరి ఆగకుండా, ఒకే తీరుగా ఆడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు. నల్లగా...

ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. ఏ లోపమూ లేదన్నారు. సీటు మాత్రం వచ్చింది, విశాఖలోనే, మొదట కోరుకున్న కాలేజీలో. చేరాల్సిన పిల్ల కొండ మీద చాప మీద పడుకుని ఊపిరి పీలుస్తోంది.

కంప్యూటర్ ఆ తర్వాత ఒక్కరోజు మొరాయించలేదు.

ప్రతి సంతకీ యర్రమ్మ వస్తుంది. తిట్టదు, ఏడవదు. పెట్టె మీద సామల ఆకు పెడుతుంది. "మీ ఇంట్లో పోయినోడి పేరు ఒక్కపాలి అనమ్మా. ఆడు తింటే ఈ పెట్టె నా గుంటని ఒగ్గేస్తాది." ఆకు పెట్టీ పెట్టగానే చుట్ట వాసన గదంతా కమ్ముకుంటుంది. ఆపైన ఫ్యాను చప్పుడు అడుగు నుంచి, సన్నగా ఓ గొంతు...

"మేడమ్... అవుతాదా?"

యర్రమ్మకి అది వినబడదు. హేమలతకి వినబడుతుంది. ఆమె ముంజేతిని కొంగుతో కప్పుకుని, ఆకు మడిచి చెత్తబుట్టలో వేసి, వరసలో తర్వాతి వాళ్ళని చేత్తో రమ్మంటుంది. ఆ పేరు ఈ జన్మలో అనకూడదని ఆ సాయంత్రమే అనుకుంది. ఇప్పటిదాకా అనలేదు.