జేబుల్లో మిగిలిన పరదేశపు చిల్లర

హలో, అందరూ బాగున్నారా? నా గొంతు వినిపిస్తోందా? పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రండి, నేను లైన్లోనే ఉంటాను. ఈ రోజు ఒక ఇస్త్రీ ఆయన ఇంటి కథ చెబుతాను.

ఆ వీధిలో ఆయన్ను అందరూ గీతలాయన అంటారు. ప్యాంటు మీద ఆయన పెట్టిన గీత వారమైనా చెదరదని పేరు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక రెండు గదుల్లో సంసారం. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. కోడలు చిన్నపిల్లల బట్టలు కుడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం కోడలికి విమానం. ఆమె తల్లి పరాయి దేశంలో ఒక ముసలావిడను చూసుకునే పనిలో ఉంది. ఈ మధ్య తల్లే మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మర్నాడు పొద్దున ఆపరేషన్. భర్త లేడు, ఇంకో బిడ్డ లేదు. ఫోన్లో ఆవిడ అడిగింది ఒక్కటే, లోపలికి తీసుకెళ్ళేలోగా కూతురి ముఖం చూడాలని.

ఉన్నదంతా టిక్కెట్టుకీ అత్యవసరపు వీసాకీ పోగా, మిగిలినదానితో కోడలు ఆ దేశపు పెద్ద నోట్లు నాలుగు కొని తెచ్చుకుంది. నలిగిన నోట్లు అక్కడ కొందరు తీసుకోరని డబ్బు మార్చే కొట్లో అమ్మాయి హెచ్చరించిందట. పర్సులో పెట్టేసరికి మధ్యలో మడత పడిందని కోడలు బెంగపడుతుంటే మామగారు విన్నారు. మడత అన్న మాట చెవిన పడితే ఆయన చెయ్యి ఊరుకోదు.

పొద్దున్నే ఆమె స్నానానికి వెళ్ళగానే, ఆయన నాలుగు నోట్లూ బల్ల మీద పరిచి, పైన పల్చటి గుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టె ఒక్కసారి నడిపించారు. అప్పుడు గుడ్డ ఎత్తి చూశారు. అవి కాగితం నోట్లు కావు, ప్లాస్టిక్కువి. నాలుగూ బస్సు టిక్కెట్టంత అయిపోయి, అంచులు చుట్టుకుపోయాయి. నోటు మీది పెద్దమనిషి మూతి ముడుచుకుని ఆయన్నే చూస్తున్నాడు.

ఆయన కేకకు కొడుకు పరుగెత్తుకొచ్చాడు.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు నాన్నా? ఇంట్లో ప్రతిదీ నీ బల్ల మీదికే రావాలా?"

మడత పోతుందనుకున్నానని ఆయన గొణిగారు.

"మడతే కాదు, ప్రయాణమూ పోయింది. అక్కడ దిగాక ఆసుపత్రికి నడిచెళ్తుందా?"

స్నానం చేసి వచ్చిన కోడలు ఆ నోట్లు చేతిలో పట్టుకుని సూట్‌కేసు పక్కన కూలబడింది. మెల్లగా అంది.

"అమ్మ నా కోసం గుమ్మం వైపే చూస్తుంటుంది మామయ్యా."

తిట్టినా ఆయనకు అంత తగిలేది కాదు. స్విచ్చి ఆపేసి, చెప్పులేసుకుని వీధిలోకి నడిచారు.

ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో వాళ్ళ జేబులన్నీ ఆయన చేతికి తెలుసు. ఎవరు ఏ దేశం వెళ్ళొచ్చినా, కోటు జేబులో మిగిలిన నాణేలు ముందు ఆయన వేళ్ళకే తగిలేవి. పొట్లం కట్టి బట్టలతోపాటు తిరిగిచ్చేసేవారు. ఆ పొట్లాలు ఏ సొరుగుల్లోనో పడి ఉంటాయని ఆయనకు తోచింది. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి గుమ్మం గుమ్మం ఎక్కి, తన తప్పు దాచకుండా చెప్పి అడిగారు. మందుల కంపెనీ మేనేజరు సొరుగు మొత్తం మంచం మీద బోర్లించాడు. డాక్టరమ్మ ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. బదులుగా నెల నెలా ఇస్త్రీ కూలిలో తగ్గించుకోమంటే ఆవిడ కోప్పడింది.

"ఇవన్నీ మీరు తిరిగిచ్చినవేనండీ. మీరే ఉంచేసుకుంటే మాకు తెలిసేదా?"

జేబురుమాలు మూటతో ఆయన ఇంటికొచ్చారు. కొడుకు నేల మీద పోసి ఏరడం మొదలుపెట్టాడు.

"ఇది ఆ దేశానిది కాదు. ఇదీ కాదు. ఇదసలు డబ్బే కాదు నాన్నా, కోటు గుండీ."

అంత ఏడుపులోనూ కోడలికి నవ్వొచ్చింది. ఏరగా ఆ దేశపు చిన్న నోట్లూ నాణేలూ మూటెడు మిగిలాయి. ముడుచుకున్న నోట్లను అక్కడి బ్యాంకులో మారుస్తారేమో అడుగుదామని అవీ సూట్‌కేసులో వేసుకుని, హడావిడిగా బయల్దేరింది. మామగారితో సరిగ్గా మాట్లాడే తీరిక కూడా దొరకలేదు. ఆ సాయంత్రం ఆయన అన్నం సగంలోనే లేచిపోయారు.

మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ చేస్తుండగా ఫోన్ మోగింది.

"మామయ్యా, నేను దిగేసరికి డబ్బు మార్చే కౌంటర్లు తెరవలేదు. ఇక్కడ బస్సులో సరిగ్గా చిల్లర వేస్తేనే ఎక్కనిస్తారు. నా ముందు ఒకాయన పెద్ద నోటు పట్టుకుని కిందే ఉండిపోయాడు. ముడుచుకోకుండా ఆ నాలుగు పెద్ద నోట్లే నా దగ్గరుంటే నేనూ అక్కడే నిలబడేదాన్ని. మీరు తెచ్చిన నాణేలు వేసి ఎక్కేశాను. అమ్మను ఇంకా లోపలికి తీసుకెళ్ళలేదు. ఇదిగో, మాట్లాడండి."

నీరసమైన గొంతు వినిపించింది.

"అన్నయ్యగారూ, నా బిడ్డను నా కళ్ళకు చూపించారు. ఇంక నాకు భయం లేదు."

ధైర్యంగా వెళ్ళి రా చెల్లెమ్మా అన్నారు. కొడుకు పక్కకొచ్చి, నిన్న నోరు జారాను నాన్నా అని భుజం పట్టుకున్నాడు. ఆయన తల ఊపి, తన కన్నీళ్ళు పడకుండా బల్ల మీది పరాయివాళ్ళ చొక్కాను పక్కకు జరిపారు.

మీకు తెలిసినవాళ్ళెవరైనా విమానం ఎక్కబోతుంటే ఈ కథ వాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. మీ బట్టలు ఇస్త్రీ చేసే ఆయనకు మాత్రం ఫోన్లో చెప్పకండి, దగ్గర కూర్చుని వినిపించండి.