దొరసాని బాటలో ఎడమ పక్క

పొద్దు గూకాక దొరసాని బాట మీద బూట్ల చప్పుడు వినిపిస్తే వెనక్కి తిరిగి చూడొద్దు...

ఆ బొగ్గుబాయి దవాఖానాలో నేను కంపౌండరుగా చేరిన మొదటి రోజున నాకు చెప్పిన మొదటి మాట ఇది. నా గది ఎక్కడో, తాగే నీళ్లు ఎక్కడ దొరుకుతాయో ఒక్కరూ చెప్పలేదు. దయ్యం సంగతి మాత్రం నా ట్రంకుపెట్టె కింద దించకముందే చెప్పారు.

అది అరవై మూడో సంవత్సరం. బెల్లంపల్లికి ఎగువన, అడవి మధ్యలో చిన్న బొగ్గు గని, అక్కడి మాటలో బాయి. చెప్పినవాడు దవాఖానా కావలివాడు రాయమల్లు. అబద్ధం చెప్పేటప్పుడు కూడా ఒట్టేసి చెప్పే మనిషి.

నైజాం కాలంలో బాయి ఇంజన్లు చూసుకోవడానికి ఒక దొర వచ్చాడట. తెల్లవాళ్లంతా మనకు ఇంగ్లండు వాళ్లే కదా! ఈయన్ను అలా అంటే మాత్రం మండిపడేవాడట. "నాది ఐర్లండు" అని గుండె మీద కొట్టుకుని మరీ చెప్పేవాడట. వాళ్ల దేశంలో సముద్రం పక్కన కొండ అంచు మీద, గడ్డిలో ఒక బాట ఉంటుందట. పెళ్లికి ముందూ పెళ్లయ్యాకా ఆయనా దొరసానీ రోజూ ఆ బాట మీదే నడిచేవాళ్లట.

ఇక్కడ సముద్రం ఎక్కడిది? కొండ ఉంది, కొండ కింద వాగు ఉంది. అవే చాలనుకుని బంగళా వెనక నుంచి కొండ మీది చదునైన బండ దాకా బాట కొట్టించాడు. మూడు మలుపులు. ఒక పక్క కొండ, ఎడమ పక్క లోయ. బండ మీద నిలబడితే కింద వాగు, అవతల కనుచూపు మేర టేకు అడవి, ఎండాకాలం ముందు ఎర్రగా మోదుగుపూలు. దొరా దొరసానీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని అక్కడిదాకా నడిచి, పొద్దు గూకడం చూసి వచ్చేవాళ్లు.

ఇద్దరు పక్కపక్కన పట్టేంత వెడల్పు బాట! బాయి పని వాళ్లకు అదే పెద్ద వింత. వాళ్లలో మొగుడు ముందు నడుస్తాడు, పెళ్లాం పది అడుగులు వెనక నడుస్తుంది. అంగడికి పోయినా అంతే, వేములవాడ రాజన్న దగ్గరికి పోయినా అంతే. పక్కన నడిస్తే సిగ్గు లేదంటారు.

పోలీసు చర్య జరిగిన ఏడు, ఒక సాయంత్రం దొరసాని ఆ బండ మీది నుంచి కింద పడింది. తల పగిలిపోయింది. దొర రాత్రంతా శవం పక్కనే కూర్చుని, తెల్లవారుజామున తుపాకి గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. కాలు జారిందన్నారు కొందరు, ఆయనే తోశాడన్నారు కొందరు.

ఆ తర్వాత అదే బండ కింద ఇంకో ఇద్దరు దొరికారు. ఒకడు అడవిలో బొగ్గులు కాల్చేవాడు, ఇంకొకడు అడవి కాపలా కాసే జంగ్లాతు జవాను. ఇద్దరికీ తలలు చితికిపోయాయి. ఇద్దరి ఎడమ చేతుల మీదా వేళ్ల గుర్తులు...

"దొరసానికి నడువనీకి తోడు గావాలె సారు," అన్నాడు రాయమల్లు గొంతు తగ్గించి. "ఒంటిగ వోయిన మొగోని ఎనుక బూట్ల సప్పుడైతది. మెల్లగ ఎడమ పక్కకు వస్తది. చెయ్యి వడతది. బండ దాంక తీస్కపోతది... గంతే!"

"వేళ్ల గుర్తులు నువ్వు చూశావా?"

"నేను సూడలే సారు. సూసినోళ్లు చెప్పిన్రు."

సూసినోళ్లు ఎప్పుడూ ఊళ్లో ఉండరు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆరు నెలలు గడిచాయి. ఒకరోజు పట్టపగలు దవాఖానా గుమ్మంలోకి ఒక జంట వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ, చెయ్యీ చెయ్యీ పట్టుకుని! వరండాలో కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొగుడి పేరు హనుమండ్లు. బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని అతనిది. ఆమె చంద్రవ్వ. ఆమె ఎడమ చెయ్యి ప్రాణం లేనట్టు వేలాడుతోంది.

భుజం మీద పాత గాయం తిరగబెట్టి చీము పట్టింది. కడుగుతూ అడిగాను, ఏం తగిలిందని.

"గుడ్డెలుగు కొట్టింది సారు. ఏడేండ్లాయె," అంది చంద్రవ్వ.

"గుడ్డెలుగు గాదు, దొరసానే గుడ్డెలుగై కొట్టింది," అని వెనక నుంచి రాయమల్లు గొణిగాడు.

నాకు ఒళ్లు మండింది. ఎలుగుబంటి దెబ్బ తిన్న ఇద్దరికి అంతకుముందు నా చేత్తోనే కట్లు కట్టాను. ఎలుగుబంటి చీరితే నాలుగు గీతలు పడతాయి, మాంసం పీలికలవుతుంది. ఇక్కడ ఉన్నది ఒకటే గీత. మెడ దగ్గర మొదలై రెక్క దాకా, తిన్నగా, లోతుగా ఉంది.

"ఇది గొడ్డలి దెబ్బ," అన్నాను.

చంద్రవ్వ కళ్లు మూసుకుంది. హనుమండ్లు ముఖం పాలిపోయింది.

మర్నాడు మందు కోసమని అతనొక్కడే వచ్చాడు. మందు తీసుకున్నాడు, పోలేదు. తలుపు దగ్గరికి వేసి నేల మీద చతికిలబడ్డాడు.

"నేనే నరికిన సారు," అన్నాడు.

అతను చెప్పింది ఇది.

యాభై ఆరులో వాళ్ల పెళ్లయింది. ఒకటే గది ఉన్న గుడిసె. అందులో అవ్వ, బాపు, అన్నా వదినే, వాళ్ల ముగ్గురు పిల్లలు. కొత్త జంట ఒక మాట మాట్లాడుకోవడానికి జాగా లేదు. అందుకని కట్టెలకు పోతున్నామని చెప్పి దొరసాని బాట ఎక్కేవాళ్లు. దయ్యం భయానికి అటు ఎవరూ రారు కదా! వెలుగుండగానే పోయి, వెలుగుండగానే దిగేవాళ్లు. హనుమండ్లు ముందు, చంద్రవ్వ పది అడుగులు వెనక. బండ మీద కూర్చున్నాక మాత్రం ఇద్దరికీ మాటలకు అంతుండేది కాదు.

చిన్నప్పుడు చంద్రవ్వ వాళ్లమ్మతో పాటు బంగళా ఊడ్చేది. దొరసానిని ఎరుగును. దొరసాని ఇచ్చిన పాత బూట్ల జత ఇంకా దాచుకుంది.

"ఒక్కపారి నన్ను నీ పక్కపొంటి నడువనియ్యరాదు? దొరసాని తీరు," అందట ఒకరోజు.

"నలుగురు జూస్తే నవ్వరా?"

"ఈడ నలుగురు యాడున్నరు? ఉంటె దొరసాని ఉంటది. ఆమె నవ్వది."

హనుమండ్లు ఆ మాటకు నవ్వి, లేచి, ఎప్పటిలాగే ముందు నడిచాడు.

తర్వాతి వారం ఒకరోజు మొదటి షిఫ్టు దిగి బంగళా దగ్గర అడవిలో కట్టెలు కొడుతున్నాడు. వంటయ్యాక వస్తానన్న పెళ్లాం రాలేదు. పొద్దు గూకింది. తనకు కనిపించకుండా ముందే బండ మీదికి పోయిందేమో... చీకట్లో ఒక్కతే ఉందేమో! కట్టెలు అక్కడే పడేసి, గొడ్డలి పట్టుకుని బాట ఎక్కాడు.

మొదటి మలుపు దాటాడు. ఏమీ లేదు.

రెండో మలుపు దగ్గర వినిపించింది —

టక్... టక్... టక్...

బూట్లు. రాతి మీద బూట్లు.

"చంద్రీ?" అన్నాడు ముందు చూస్తూనే. జవాబు లేదు.

అతను నడక పెంచాడు. చప్పుడూ పెరిగింది. అతను ఆగాడు. చప్పుడూ ఆగింది. చెమటతో గొడ్డలి కామ జారిపోతోంది. వెనక్కి చూడొద్దు... చూడొద్దు...

"ఎవలు? నా ఆలును ఏం జేసినవ్?" అని అరిచాడు.

మూడో మలుపు దగ్గర చప్పుడు వెనక నుంచి పక్కకు వచ్చింది. ఎడమ పక్కకు — లోయ వైపుకు.

అతని ఎడమ చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది.

చల్లటి చెయ్యి. అతని వేళ్ల సందుల్లోకి ఒక్కొక్క వేలే దూరింది. మెత్తగా పట్టుకుని, మెల్లగా అంచు వైపుకు లాగింది. అతని కాళ్లు వాటంతటవే రెండడుగులు అటు వేశాయి.

అప్పుడు కోపం వచ్చిందట. భయం కాదు, కోపం. ఇది చంద్రిని చంపేసి నా దగ్గరికి వచ్చిందని. కళ్లు గట్టిగా మూసుకుని, కుడి చేతిలో ఉన్న గొడ్డలి గిర్రున తిప్పి ఎడమ వైపు వెనక్కి కొట్టాడు. ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు.

గొడ్డలి దిగింది. ఎముక విరిగిన చప్పుడైంది. వెచ్చగా ముఖం నిండా చిమ్మింది.

"దయ్యానికి గొడ్డలి తాకది గద సారు..." అన్నాడు హనుమండ్లు. "గప్పుడు సమజైంది."

"ఓ అవ్వా!" అని కింద నుంచి కేక. చంద్రవ్వ కేక.

గొడ్డలి ఆమె భుజంలోనే ఇరుక్కుని ఉంది. కాలు ఆనించి పెరకాల్సి వచ్చింది. పెరికితే రక్తం ఊటబుగ్గ పొంగినట్టు పొంగింది. ఆమెకు అటు ఒక బూటు, ఇటు ఒక బూటు పడి ఉన్నాయి. తలపాగా విప్పి గాయంలో కుక్కి, ఆమెను భుజానికెత్తుకుని కొండ దిగి పరుగెత్తాడు. దారంతా ఆమె నెత్తురు అతని వీపు మీద కారుతూనే ఉంది.

దవాఖానాలో పోలీసు జవాను అడిగితే ఆమె కళ్లు తెరిచి ఒకే మాట చెప్పింది, గుడ్డెలుగు అని. నేనే నరికానని మొగుడు ఒప్పుకోబోతే అతని చెయ్యి గట్టిగా గిచ్చింది.

"పక్కకు నడువాలని దాని ఆశ సారు. బూట్లు దొడుక్కొని, దొరసాని తీరు వచ్చి నా చెయ్యి వట్టింది. ఆలు పక్కకొచ్చి చెయ్యి వడతదని నా బుర్రకే తట్టలే. గా ఒక్క చెయ్యి వట్టినందుకు... నరికిన." అతను తల నేలకేసి కొట్టుకోబోతే నేను పట్టుకున్నాను. "గప్పటి సంది దాని చెయ్యి ఇడువలే. ఎవలు నవ్వితే నాకేంది?"

నాకు కళ్లు చెమర్చాయి. అబద్ధమెందుకు, లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. చూశారా, దయ్యమూ లేదు గియ్యమూ లేదు! ఒక పెళ్లాం ముచ్చట, ఒక మొగుడి పిరికితనం, అంతే. రాయమల్లుకు చెప్పలేని రహస్యం అయిపోయింది గానీ, లేకపోతే ఆ రోజే వాడి నోరు మూయించేవాణ్ని.

పది రోజులకు గాయం మానింది. చివరి కట్టు కట్టించుకోవడానికి చంద్రవ్వ వచ్చింది. హనుమండ్లు బయట వేపచెట్టు కింద చుట్ట కాలుస్తున్నాడు.

"ఆయన నాకంతా చెప్పాడు. ఎవరితోనూ అనను," అన్నాను. తర్వాత నాకున్న అలవాటు కొద్దీ మందలించాను కూడా. "అంత చీకట్లో, నోరు విప్పకుండా పోయి చెయ్యి పట్టుకుంటే ఏ మగాడైనా భయపడడా? ఒక్క మాట పిలవాల్సింది కాదా?"

ఆమె కిటికీలోంచి మొగుడి వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"సారూ... బూట్లు నాకు కరిసినయి. మొదటి మలుపు కాడనే ఇడిసిన. ఉత్త కాళ్లతోని నడిచిన."

నా చేతిలో కట్టు ఆగిపోయింది.

"మరి ఆ చప్పుడు —"

"నేను సుత ఇన్న."

బయట హనుమండ్లు దగ్గాడు.

"మూడో మలుపు కాడ ఆయన కనవడ్డడు. ఎడమ పక్కకు ఒక మనిషి పట్టేటంత జాగ ఇడిసి నడుస్తుండు. ఎడమ చెయ్యి జరంత లేపి... ఎవలనో వట్టుకున్నట్టు. లోయ దిక్కు వోతుండు సారు. ఇంకొక్క అడుగేస్తె పడతడు. పిలిచిన, ఆయనకు ఇనవడలే. నేను ఉరికిన. ఆయన అంగి గుంజుదామని దగ్గరికొచ్చేవరకు గొడ్డలి వడ్డది."

"చెయ్యి... నువ్వు పట్టుకోలేదా?"

"ఎట్ల వడత సారు? నా రెండు చేతులల్ల రెండు బూట్లుండె."

"ఏడేళ్లుగా ఆయనకు చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్తె ఇంక ఎవల చెయ్యన్న వడతడా? నాదే అనుకోనియ్యి."

"అయ్యిందా?" బయట నుంచి హనుమండ్లు పిలిచాడు.

"అయ్యింది, వస్తున్న," అని ఆమె గబగబా లేచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"గా పక్కకు జాగ ఖాళీ ఉండద్దు సారు," అంది.

బయటికి పోయి, మొగుడికి ఎడమ పక్కన నిలబడి, అతని ఎడమ చేతిని తన కుడి చేత్తో పట్టుకుంది.