ముప్పై మందిలో మొదటివాడు

ఫోన్లో రాజకుమారి ఆంటీ చెప్పింది ఇంతే.

"ఆదివారం మా ఫ్లాట్‌కి రా కౌశిక్. అరుణశ్రీ అని కడప అమ్మాయి, ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. నీతో మాట్లాడాలంటోంది."

మాట్లాడటమంటే ఏమిటో కౌశిక్‌కి తెలుసు. కాకినాడ నుంచి వాళ్ళమ్మ ఆంటీకి ఫోన్ చేసేది దాని గురించే. అది రెండువేల సంవత్సరం. కంప్యూటర్ చదివిన ప్రతి తెలుగు కుర్రాడికీ పెళ్ళిసంబంధాల్లో తెగ గిరాకీ. పైగా కౌశిక్ సింగపూర్‌లోనే ఒక కొరియా కంపెనీ ఆఫీసులో ప్రోగ్రామర్. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని, గుండె దడదడలాడుతుండగా బుకిట్ పంజాంగ్‌లో ఆంటీ ఫ్లాట్‌కి వెళ్ళాడు.

అమ్మాయిలో మాత్రం దడ ఏమీ కనిపించలేదు. పెద్ద బ్యాగుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. జంతికల పళ్ళెం పక్కకి జరిపి, టేబుల్ మీద టేప్‌రికార్డర్ పెట్టింది.

"రికార్డ్ చేసుకోవచ్చా?"

"ఇంట్లోవాళ్ళకి వినిపించడానికాండీ?"

"కాదు, మా ప్రొఫెసర్‌కి."

పెళ్ళిచూపుల్లో ప్రొఫెసర్ ఎందుకో కౌశిక్‌కి అర్థం కాలేదు. అయినా ఆ కళ్ళు చూశాక కాదనలేక తల ఊపాడు.

"ఆఫీసు నుంచి ఎన్నింటికి ఇంటికెళ్తారు?"

"ఎనిమిదవుతుందండీ."

"హ్వేషిక్ ఉన్న రోజు?"

ఉలిక్కిపడ్డాడు. హ్వేషిక్ అంటే ఆఫీసయ్యాక బాస్ అందర్నీ లాక్కెళ్ళి, తినిపించి తాగించే విందు. ఆ కొరియా మాట ఈ అమ్మాయి దాకా ఎలా వచ్చింది? అంటే ఎంక్వయిరీ గట్టిగానే చేశారన్నమాట.

"నేను తాగనండీ."

"బాస్ స్వయంగా పోస్తే?"

"గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, తల పక్కకి తిప్పి, తాగినట్టు నటిస్తాను."

"నిజం చెప్పండి. ఇందులో తప్పొప్పులు లేవు."

"ఒకసారి తాగాను." ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "రెండుసార్లు."

అరుణశ్రీ ఎంతో సంతోషంగా రాసుకుంది. "పెళ్ళయ్యాక కూడా వెళ్తారా?"

"మీరు వద్దంటే మానేస్తాను."

పెన్ను ఆగింది. "నేనెందుకు వద్దంటాను?"

ఎంత మంచి మనసు! కౌశిక్ కర్చీఫ్‌తో నుదురు తుడుచుకున్నాడు.

"ఇంకో సాయం చేస్తారా? మీ ఆఫీసులో పెళ్ళికాని మగవాళ్ళు ఇంకా ఉంటే, వాళ్ళనీ కలవాలి."

"వాళ్ళనా? ఎందుకండీ?"

"ఒక్కరితో తేల్చేస్తే ఎలా? కనీసం ముప్పై మందినైనా చూడాలి. మీరు మొదటివారు. కొరియన్లయితే ఇంకా మంచిది."

కౌశిక్ లేచాడు. కాఫీ సగం అలాగే ఉంది. "బాగా చూసుకోండి. తొందరేం లేదు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

బయట వాన దంచుతోంది. రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడి తడిసిన చొక్కా దులుపుకుంటుంటే, మెట్లెక్కి అరుణశ్రీ పరుగెత్తుకొచ్చింది. ఆమె అతనికంటే ఎక్కువ తడిసింది.

"నేనేమైనా తప్పుగా అడిగానా? ఇది నా మొదటి ఇంటర్వ్యూ. చెప్తే దిద్దుకుంటాను."

"ఇంటర్వ్యూనా?"

"మరి? ఆంటీ చెప్పలేదా? నా రీసెర్చ్ ఇప్పటి కొరియా సమాజం మీద. మూడేళ్ళ క్రితం అక్కడ ఆర్థిక సంక్షోభం వచ్చి ఎంతమందికో ఉద్యోగాలు పోయాయి కదా. ఆ తర్వాత ఆఫీసుల్లో కుర్రాళ్ళు ఎలా బతుకుతున్నారు, పెళ్ళిళ్ళెందుకు వాయిదా వేస్తున్నారు అన్నది. మీరు వాళ్ళ మధ్యే పనిచేస్తున్నారని అడిగాను. ఇంతకీ మీరేమనుకున్నారు?"

కౌశిక్ తన ఇస్త్రీ చొక్కా వైపు చూసుకున్నాడు. ఆమె కూడా ఆ చొక్కాని చూసింది. మెల్లగా ఆమె ముఖం ఎర్రబడింది.

"అయ్యో! 'మీరు వద్దంటే మానేస్తాను' అన్నది అందుకా?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎవరూ ఎక్కలేదు. నవ్వుతూ నవ్వుతూనే అరుణశ్రీ కళ్ళు నిండాయి.

"మీరు చెప్పిందేదీ నేను వాడుకోకూడదు. నాకు నచ్చాలని చెప్పిన జవాబులవి. ఇప్పటిదాకా ఒక్క కొరియన్ కూడా నాతో మాట్లాడ్డానికి ఒప్పుకోలేదు. ఈ నెలలో ఎవరూ దొరక్కపోతే టాపిక్ మార్చుకోమన్నారు ప్రొఫెసర్."

ఆ సాయంత్రం ఆంటీని ఇద్దరూ కలిసి నిలదీశారు. ఆంటీ ఏమాత్రం తొణకలేదు.

"నేనేం అబద్ధం చెప్పలా. నీకు ఇంటర్వ్యూ కావాలి, కౌశిక్ వాళ్ళమ్మకి సంబంధం కావాలి. ఒక్క కాఫీతో రెండూ అయిపోతాయి అనుకున్నా!"

మర్నాడు కౌశిక్ ఆఫీసులో తన పక్క సీటు కొరియన్ హ్యున్సూని బతిమాలాడు. హ్యున్సూ సిగ్గరి. కౌశిక్ పక్కన కూర్చుంటేనే వస్తానన్నాడు. ముగ్గురూ ఆఫీసు దగ్గర కాఫీ షాపులో కూర్చున్నారు. హ్యున్సూ ఇంగ్లీషులో ఆగి ఆగి చెప్పాడు. సంక్షోభంలో ఉద్యోగం పోయింది. కుదిరిన పెళ్ళి కూడా తప్పిపోయింది. ఇక్కడ పని దొరికాక, సియోల్ వెళ్ళినప్పుడల్లా వాళ్ళమ్మ ఏదో హోటల్ లాంజ్‌లో ఒక కొత్త అమ్మాయి ఎదురుగా కూర్చోబెడుతుంది.

"ఎవరూ నచ్చలేదా?" అడిగింది అరుణశ్రీ.

"ఒకామె చాలా నచ్చింది. చెప్పాలనే అనుకున్నాను. మళ్ళీ ఉద్యోగం పోతే ఆమె గతేమిటని చెప్పలేదు. మొన్న ఆమెకి పెళ్ళయిందట." హ్యున్సూ నవ్వాడు. "తర్వాత తెలిసింది, ఆమె నా ఫోన్ కోసం చాలా రోజులు ఎదురుచూసిందని."

అరుణశ్రీ తర్వాతి ప్రశ్న మర్చిపోయింది. కౌశిక్ మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

హ్యున్సూ వెనక అతని స్నేహితులొచ్చారు, వాళ్ళ వెనక మరికొందరు. అందర్నీ వెంటబెట్టుకొచ్చేది కౌశికే. ఇంటర్వ్యూ అయ్యాక ఇద్దరూ ఒకే రైల్లో వెళ్ళేవారు. ఒకరోజు అరుణశ్రీ "నువ్వు దిగాల్సిన స్టేషన్ వచ్చింది" అని, వెంటనే నాలిక్కరుచుకుని "మీరు" అని దిద్దుకుంది. ఆ వారమంతా కౌశిక్ రాసిన ప్రోగ్రాంలో తప్పులే. నువ్వు నిజమా, మీరు నిజమా? ఆమెకి తను స్నేహితుడా, రీసెర్చ్‌కి సాయం చేసేవాడా? అడిగితే ఉన్నది కూడా పోతుందేమో!

ఓ శుక్రవారం సాయంత్రం, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో, రోటీ పరాటా ముందు పెట్టుకుని అరుణశ్రీ చెప్పింది. "కొరియాలోనే రీసెర్చ్ చెయ్యడానికి యూనివర్సిటీ ఒప్పుకుంది. వచ్చే నెల సియోల్ వెళ్తున్నా. ఏడాది పాటు."

"కంగ్రాచ్యులేషన్స్ అండీ."

"అంతేనా?"

"ఇంకేమనాలి? వెళ్ళొద్దననా?"

"అంటే కొడతా."

"పోనీ, వెళ్ళమననా?"

"అన్నా కొడతా!"

"మరేం చెయ్యమంటారండీ నన్ను?"

"నాకేం తెలుసు!" అరుణశ్రీ అరిచినంత పని చేసింది. "వాళ్ళ మనసులో ఏముందో అందర్నీ అడుగుతున్నా. నా మనసులో ఏముందంటే నాకే తెలియట్లేదు. ఈ సీటు కోసం ఎన్నాళ్ళు కష్టపడ్డానో! తీరా వచ్చాక ఏడుపొస్తోంది."

పక్క టేబుల్‌వాళ్ళు తిరిగి చూశారు. కౌశిక్‌కి హ్యున్సూ నవ్వు గుర్తొచ్చింది. ఇక ఆగలేకపోయాడు.

"నాకు మీరంటే చాలా ఇష్టమండీ. సియోల్ తప్పకుండా వెళ్ళండి, మీ పని పూర్తి చేసుకోండి. పెళ్ళి మాట ఇప్పుడే తేల్చమనను. కానీ ఇది చెప్పకుండా మిమ్మల్ని విమానం ఎక్కనివ్వలేను."

అరుణశ్రీ చేతిలోని పరాటా ముక్క ప్లేట్లో పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది. "నీ ఫోన్ ఇవ్వు."

ఈసారి "మీరు" అని దిద్దుకోలేదు.

కడపకి నంబర్ కలిపింది. "నాన్నా, నేను. ఒకాయనంటే నాకిష్టం. పెళ్ళి ఇప్పుడే కాదు, చదువయ్యాకే. వచ్చే నెల సియోల్ వెళ్తున్నా. ఆయన రావట్లేదు. అవును నాన్నా, ఇష్టమే. లేదు, పోట్లాడుకోలేదు! ఎందుకు ఏడుస్తున్నానో నాకూ తెలీదు. ఇదిగో, ఆయనకే ఇస్తున్నా."

కౌశిక్ లేచి నిలబడి ఫోన్ అందుకున్నాడు. "నమస్కారమండీ."

అటునుంచి నిదానమైన గొంతు. "ఏమప్పా, మా పాప చెప్పింది నాకేం అర్థం కాలేదు. నీకేమన్నా అర్థమయిందా?"

"సగమే అర్థమయిందండీ. ఆ సగానికే చాలా సంతోషంగా ఉంది."

కడపలో ఆయన పెద్దగా నవ్వారు. ఎదురుగా ఉన్న అరుణశ్రీకి కూడా ఆ నవ్వు వినిపించింది.

"మా పాప మనసు ఎవరి ముందూ ఇట్ల బయట పెట్టుకోదు, నాయనా. నీ ముందు పెట్టుకుంది. నాకది చాలు. చదువు అయిపోనీ, మీ అమ్మానాన్నతో నేనే వచ్చి మాట్లాడతా. ముందు కూచోని తినండి, చల్లారిపోతాది."

కౌశిక్ కూర్చున్నాడు. అరుణశ్రీ కళ్ళు తుడుచుకుని, పరాటా రెండుగా తుంచి, పెద్ద ముక్క అతని ప్లేట్లో వేసింది.