స్విచ్ తీసిన తర్వాత

ఆమె వచ్చి కూర్చుని తడిసిన కొంగు పిండుకుంది. బయట ముసురు పట్టింది. డిటెక్టివ్ తొందరపెట్టలేదు. అతని శిష్యుడు మాత్రం కుర్చీలో కుదురుగా లేడు.

"మా ఆయన కరెంటు షాకుతో పోయారు," అంది చివరికి. "మా తమ్ముడు స్విచ్ తియ్యకుండానే తీశానని చెప్పి ఆయన్ని పొట్టన పెట్టుకున్నాడంటున్నారు. లాకప్పులో పెట్టారు. వాణ్ణి విడిపించమని రాలేదండీ. వాడే చేసుంటే నాకు తమ్ముడు లేడనుకుంటా. నిజమేంటో చెప్పండి, చాలు."

భర్త ఇంజినీరు. కంపెనీ రెండు గాలిమరలను పక్కపక్కనే నిలిపి, ఏ జనరేటర్ మేలో తేల్చే పని ఆయనకు అప్పగించింది. పాతది చీఫ్ ఇంజినీర్ తయారుచేసింది. అందులో గేర్లుంటాయి, లైను నుంచి కరెంటు అందితే తప్ప అయస్కాంత శక్తి పుట్టదు. కొత్తదానికి గేర్లు లేవు, లోపలే శాశ్వత అయస్కాంతాలుంటాయి. కొత్తదే మేలని ఆయన తేల్చాడు. మర్నాడే తీగలు సరిచేయడానికి దాని పైకెక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు.

బావ దగ్గరే సహాయకుడిగా పనిచేసే తమ్ముడు లాకప్పులో ఒకటే మాట మీద ఉన్నాడు. బ్రేకు వేసి ఉంది, రెక్కలు ఆగి ఉన్నాయి. కింద స్విచ్ తీసి, పనిముట్లు మోసుకుంటూ బావ వెనకే స్తంభం లోపలి నిచ్చెన ఎక్కాడు. సగంలో ఉండగా పైనుంచి కేక వినిపించింది. బ్రేకు మీట ఎక్కడని డిటెక్టివ్ అడిగితే కిందేనన్నాడు. కింద చీఫ్ ఒక్కడే ఉన్నాడట. ఏదైనా మోత వినిపించిందా అంటే, కొత్తదానికి మోతే ఉండదన్నాడు.

చీఫ్ మర్యాదస్థుడు. టీ ఇప్పించాడు, కళ్లొత్తుకున్నాడు. "స్విచ్ తీస్తే ఏ గాలిమరలోనూ కరెంటుండదండీ. కుర్రాడు మర్చిపోయాడు. పోలీసులకూ అదే చెప్పాను," అన్నాడు.

దారిలో శిష్యుడు పెదవి విరిచాడు. కుర్రాడి తప్పేనని తేలిపోయిందన్నాడు. టీ మీద పెట్టిన శ్రద్ధ చీఫ్ మాట మీద పెట్టలేదని అతన్ని వెక్కిరించి డిటెక్టివ్ ఊరుకున్నాడు.

మర్నాడు గాలిమరల దగ్గరకు అందర్నీ పిలిపించాడు. అక్క వచ్చింది, బేడీలతో తమ్ముణ్ణి తీసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, చీఫూ వచ్చాడు. డిటెక్టివ్ రెండింటికీ స్విచ్‌లు తీయించి, బ్రేకులు వదిలించాడు. రెక్కలు నెమ్మదిగా తిరిగాయి. పాతదాని అడుగున పెట్టె తెరిచి, జనరేటర్ నుంచి దిగిన తీగను చీఫ్‌ను ముట్టుకోమన్నాడు. చీఫ్ ముట్టుకున్నాడు, ఏమీ కాలేదు. కొత్తదాని దగ్గరా అదే అడిగాడు. చీఫ్ చేతులు వెనక్కి పోయాయి.

"స్విచ్ తీసే ఉంది. ఏ గాలిమరలోనూ కరెంటుండదన్నది మీరే కదండీ?"

డిటెక్టివ్ ఆ తీగలకు టెస్టు దీపం తగిలిస్తే వెలిగింది.

"శాశ్వత అయస్కాంతాలకు లైనుతో పని లేదు. రెక్క తిరిగినంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది," అన్నాడు. "రెండింటి ఆనుపానులూ తెలిసిన ఈయనకు అది తెలియదా? తెలిసే అబద్ధమాడాడు. పైన ఆయన తీగలు పట్టుకునే వేళకు కింద బ్రేకు వదిలాడు. పాతదైతే గేర్ల మోతకు ఆయన జాగ్రత్తపడేవాడు. కేక వినగానే మళ్లీ బ్రేకు వేశాడు. తన యంత్రం మూలపడుతుందన్న ఉక్రోషం ఇంత పని చేయించింది."

జీవితమంతా దానికే ధారపోశానని చీఫ్ గొణిగాడు. ఇన్‌స్పెక్టర్ బేడీలు ఆ చేతుల నుంచి ఈ చేతులకు మార్చాడు. శిష్యుడు గురువును చూసి పొంగిపోయాడు కానీ, అక్కాతమ్ముళ్లను చూసి నవ్వు దాచుకున్నాడు.

"నిన్ను అనుమానించానురా," అంది అక్క.

వాడు తలెత్తలేదు. "స్విచ్ తీశాను, ధైర్యంగా ఎక్కు బావా అన్నది నేనేనక్కా. బ్రేకు దగ్గర కాపలా ఉండాలని నాకు తోచలేదు."

ఆమె ఇంటికి రమ్మంది. ఆ గడప తొక్కే మొహం తనకు లేదన్నాడు.

"నాకూ లేదురా," అని ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. "పద."