గంగారత్నం, రెండో ఆథర్

వట్లూరు రైల్వే గేటు పడింది. డాక్టర్ అబ్దుల్ సలాం స్కూటర్ ఆపి, కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. మళ్ళీ పెట్టుకునే వ్యవధి లేకపోయింది. వెనక నుంచి వచ్చిన జీపు ఆయన్ని గుద్ది చంపేసింది. దాంట్లోంచి దిగినవాడు లాప్‌టాప్ బ్యాగ్ తీసుకుని మళ్ళీ ఎక్కాడు.

మర్నాడు తాడేపల్లిగూడెంలో, ఒక బియ్యం కొట్టు మేడ మీద బ్రీఫింగ్. గూఢచారి సంస్థ చీఫ్ సుబ్బరాజు సలాం ఫైలు తెరిచాడు.

“పద్దెనిమిదేళ్ళ రీసెర్చి. పేపర్లు నాలుగు. వాటిని వేరేవాళ్ళు తమ పేపర్లలో ఉదహరించిన సైటేషన్లు మొత్తం పదకొండు. ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఈ అంకె చూసి నవ్వారట.”

“ఆ పదకొండూ ఎవరివి సార్?” ఏజెంట్ అర్షద్ అడిగాడు.

“అన్నీ ఒక్క విదేశీ ల్యాబ్‌వే. ఆర్కోస్. మనవాళ్ళెవరూ చదవలేదు అర్షద్. శత్రువు మాత్రం అక్షరం వదల్లేదు.”

అర్షద్‌కి సిగ్గేసింది. తనది వట్లూరు పక్కనున్న ఏలూరే. సలాం పేరు తనూ ఎన్నడూ వినలేదు.

సలాం ఇంకా పూర్తిచెయ్యని అయిదో పేపరు చేపల చెరువు కూలీల జ్వరం మీద. మొదటి రోజే దాన్ని పట్టేసే టెస్టు. లాప్‌టాప్ కాజేసిన ఆర్కోస్ దాన్ని తన పేరిట పేటెంట్ చేసుకోబోతోంది. అసలు రికార్డులున్న మనిషి ఇంకొక్కరే, రెండో ఆథర్ గంగారత్నం. ఆమె కోసం ఆర్కోస్ పంపిన మార్కస్ అనే హంతకుడు బయల్దేరాడు.

“వాడు ముందు చేరితే ఆమే ఉండదు, సలాం పేరూ ఉండదు. అక్కడ నిన్ను సమ్రీన్ కలుస్తుంది. ఆర్కోస్ జీతం, మన జీతం రెండూ తీసుకుంటుంది. ఆర్కోస్ వాళ్ళకి ఈమెయిల్సే తప్ప ఆమె మొహం తెలీదు.”

ఆకివీడు దాటాక చెరువు గట్టు మీద, లుంగీ కట్టిన చేపల బేరగాడి వేషంలో దిగాడు అర్షద్. రివాల్వర్ ఐసు పెట్టెలో అడుగున ఉంది. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలతో ఒకామె ఎదురొచ్చింది.

“ఐసు చాలిందా?”

“ఇంకో రెండు దిమ్మలు కావాలి.”

కోడ్ సరిపోయింది. సమ్రీన్ కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

“ఆయన ఏ టైముకి గేటు దాటతారో చెప్పింది నేనే. బ్యాగ్ మాత్రమే తీసుకుంటామన్నారు.”

అర్షద్ ఐసు పెట్టె కింద దించి చుట్టూ చూశాడు.

“డాక్టర్ గంగారత్నం గారు ఎక్కడ?”

“నేనేనండి,” పాక ముందు వల బాగుచేసుకుంటున్న యాభయ్యేళ్ళావిడ తలెత్తింది. “డాక్టర్ని కాదు బాబూ. టెస్టుకి రక్తం ఇచ్చినోళ్ళ పేర్లన్నీ పేపరు కింద వేసేవారండి సలాం గారు. నాది మాత్రం పైన, ఆయన పక్కనే వేశారండి. ఎవరికి ఏ రోజు జొరమొచ్చిందో లెక్క నాదేగదండీ.”

పాక వాసానికి వల దారాలు వేలాడుతున్నాయి. మనిషికో దారం, రోజుకో ముడి, జ్వరమొచ్చిన రోజుకి జంట ముడి. ఆరేళ్ళ రికార్డు అదీ.

అర్షద్ చేతి వాచీ హెచ్చరికగా సన్నగా కూసింది. గట్టు మీదికి లారీ వచ్చి ఆగింది. అర్షద్ గంగారత్నాన్ని చేపల ట్రేల వెనక్కి నెట్టి, ఐసులో చెయ్యి పెట్టాడు. రివాల్వర్ మీద దిమ్మలు అతుక్కుపోయి ఉన్నాయి.

మార్కస్ పిస్టల్‌తో దిగాడు. “డాక్టర్ గంగారత్నం ఎవరు?” ఇంగ్లీషులో అడిగాడు.

నిజం చెప్పడమే అలవాటైన గంగారత్నం లేవబోయింది. అంతలో సమ్రీన్ కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకొచ్చింది.

“నేనే. రికార్డులన్నీ మీరు ఎత్తుకెళ్ళిన ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి.”

మార్కస్ నమ్మాడు. వాడి లెక్కలో డాక్టరంటే ఇలాగే ఉండాలి. కాల్చాడు. పాకని కూడా తగలెట్టేద్దామని లైటర్ వెలిగించి దారాల కిందికి తెచ్చాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే అంటుకునేవి. గడ్డకట్టిన వేళ్ళతో రివాల్వర్ ఊడలాగి అర్షద్ ట్రిగ్గర్ నొక్కాడు. మార్కస్ చెరువులో పడ్డాడు.

సమ్రీన్ తల గంగారత్నం ఒళ్ళో ఉంది. అప్పటికే ఊపిరి లేదు.

దారాల ముడులు విప్పకుండా లెక్కపెట్టి, సలాం శిష్యులు పేపరు పూర్తిచేశారు. ఏజెంట్ల పేర్లు బయటికి రాకూడదన్నాడు సుబ్బరాజు. గంగారత్నం ఒప్పుకోలేదు.

“నా పేరు చెప్పుకుని చచ్చిపోయిందండీ ఆ పిల్ల. తప్పు చేసిందేమో, నాకు తెలవదు. ఆ పేరు వెయ్యకపోతే నాదీ తీసెయ్యండి.”

మూడో ఆథర్‌గా సమ్రీన్ పేరు అచ్చయింది.

ఏడాది తర్వాత సుబ్బరాజు అర్షద్‌కి ఫోన్ చేశాడు. “సైటేషన్లు ఎన్నొచ్చాయి?”

“ఒకటి సార్.”

“ఎవరు?”

“ఆర్కోస్.”



“మరి మనవాళ్ళు?”

“సలాం గారికి సంతాప సభ పెట్టారు సార్. బాగా జరిగింది.”