ఊరికే అడిగేవాళ్ల పీట

ఆ వీధి వాళ్లు అతని భార్యను చంపారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. డాక్టర్లకి అంతకన్నా తెలియదు. ఆ గుండె చేత ముప్పై ఏళ్లు ఊరికే చాకిరీ చేయించుకున్నది వీధి.

అతను బస్సు డిపోలో టైంకీపరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ అందరూ టైంకీపరు గారనే పిలుస్తారు. భార్య ఇంటి ముందు గదిలో మిషన్ కుట్టేది. "ఒక్క కుట్టే పిన్నీ" అని ఒకరు వచ్చేవారు. "జిప్పు ఊడింది వదినా, రెండు నిమిషాల పని" అని ఇంకొకరు. దిండు గలీబులు, కర్టెన్లు, పిల్లల నిక్కర్లు. ఎవరూ చేతిలో పైసా పెట్టలేదు. ఆవిడ మిషన్ మీద తల వాల్చి పోయిన రోజున సూది కింద ఉన్నది మేడ మీది ఆవిడ కర్టెన్. నాలుగో రోజున ఆ మహాతల్లి దిగివచ్చి, కళ్లు తుడుచుకుని, "కర్టెన్ ఎంతవరకు వచ్చింది బాబాయి గారూ?" అని అడిగింది. అతను సగం కుట్టిన గుడ్డ తెచ్చి ఆమె చేతుల్లో పడేసి తలుపు వేశాడు. మూడేళ్లు ఆ మిషన్ మీద కప్పిన దుప్పటి తియ్యలేదు.

తీసింది కోడలు.

ఆమె పదకొండేళ్లు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. పొద్దున గంటన్నర బస్సు, సాయంత్రం గంటన్నర బస్సు. మెడ పట్టేసి తల తిప్పలేని స్థితి వచ్చింది. కొడుకు లారీ డ్రైవరు, వారానికి ఒక్కరోజే ఇంట్లో ఉంటాడు. మొగుడూ పెళ్లాలు ఆలోచించుకుని, ఆరు నెలలు ఇంటి దగ్గరే మిషన్ పెట్టి చూద్దామనుకున్నారు. ఫ్యాక్టరీ వాళ్లు అంతవరకు ఆమె చోటు అట్టే పెడతామన్నారు. నడిస్తే సరే. లేకపోతే మళ్లీ అదే బస్సు, అదే కాలరు.

"ఈ వీధికా?" అన్నాడు టైంకీపరు. "వీళ్లకా నువ్వు అమ్మేది? గాలి ఊరికే వస్తోంది కాబట్టి పీలుస్తున్నారు గానీ, కొనాల్సి వస్తే ఎప్పుడో ఊపిరి మానేసేవాళ్లు."

"నేను ఊరికే కుట్టను మామయ్యగారూ."

"మీ అత్తయ్యా మొదట్లో అదే అంది."

కోడలు మిషన్ తుడిచింది, నూనె వేసింది. దాని పక్కన ఒక ముక్కాలి పీట వేసి, పీట మీద ఒక రేకు డబ్బా పెట్టింది. డబ్బాలో సూదులు, దారాలు, చిన్న కత్తెర, నాలుగు రకాల బొత్తాలు. అదెందుకో అతనికి అర్థం కాలేదు. వారం తిరక్కుండానే వీధి మొత్తానికీ అర్థమైంది.

ఆరు నెలల గడువు ముగియవస్తున్న రోజుల్లో ఒక పొద్దున కూడా ఎప్పటిలాగే మొదలైంది. టైంకీపరు వసారాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. లోపల మిషన్ ఆడుతోంది. మేడ మీది ఆవిడ చంకలో ప్యాంటు పెట్టుకుని మెట్లు దిగింది. అతన్ని చూసి చూడనట్టు లోపలికి దూరింది.

"మా ఆయన ప్యాంటమ్మాయ్. కాళ్ల దగ్గర కాస్త మడిచి కుట్టాలి. రెండు నిమిషాల పని."

"అలాగే వదినగారూ. ఊరికేనా, డబ్బులకా?"

"ఇంత ముక్కకి డబ్బులేమిటే?"

"అయితే కూర్చోండి. పీట ఊరికే, సూది ఊరికే, దారం ఊరికే. ఎలా కుట్టాలో చూపించడం కూడా ఊరికే. కుట్టడం మాత్రం మీరే."

"నాకే చేతనైతే నీ దగ్గరికెందుకొస్తానే?"

"ఆ చేతనవడానికే కదండీ డబ్బులు!"

గదిలో తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. మేడ మీది ఆవిడకి పౌరుషం వచ్చింది. "నాకు చేతులు లేవా ఏం?" అని పీట మీద కూర్చుంది. వసారాలో టైంకీపరు చేతి గడియారం చూసుకున్నాడు. ఒక్క నిమిషం ఆలస్యాన్ని కూడా ఏ డ్రైవరుకీ వదిలిపెట్టని మనిషి. సూదిలో దారం ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. ఒక కాలు పూర్తయ్యేసరికి నలభై మూడు నిమిషాలు. ఎత్తి చూసుకుంటే అది ఉండాల్సినదానికన్నా బెత్తెడు పొట్టి.

"ఇది తొడుక్కుంటే మా ఆయన కుంటుతున్నాడనుకుంటారు," అంది తనే నవ్వుతూ. "తల్లీ, రెండోది నువ్వే కుట్టు. మొదటిది కూడా విప్పి కుట్టు. ఎంతో చెప్పు, ఇచ్చుకుంటాను."

కోడలు రెండు కాళ్లూ ఆరు నిమిషాల్లో ముగించింది. ఆవిడ ప్యాంటు తిరగేసి మరగేసి చూసింది.

"కుట్టు కనబడటం లేదేమిటే?"

"కనబడకూడదనే కదండీ, అంత తంటా."

ఆవిడ డబ్బు బల్ల మీద పెట్టి, గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మా అమ్మాయి గౌను ఒకటుంది. రేపు తెస్తాను. డబ్బులకేలే," అంది.

టైంకీపరు పేపరు వెనకాల మొహం దాచుకున్నాడు. కోడల్ని ఎదురుగా మెచ్చుకునే అలవాటు అతనికి లేదు. లోపల మాత్రం సలాం కొడుతూనే ఉన్నాడు. కోడలు ఎవరినీ కసిరి పంపలేదు, బతిమాలలేదు, బోర్డు మీద ధరలు రాసి తగిలించలేదు. ఊరికే కావాలన్నవాళ్లకి ఊరికే దొరికేదేమిటో చేతికిచ్చి కూర్చోబెట్టింది. పీట మీద ఒకసారి కూర్చుని లేచినవాళ్లెవరూ మళ్లీ 'రెండు నిమిషాల పని' అనలేదు.

అలాగని అందరూ డబ్బిచ్చారని కాదు. ఎదురింటి లెక్కల మాస్టారు నాలుగు రోజులు పీట మీద కూర్చుని తన చొక్కాలన్నిటికీ తనే బొత్తాలు కుట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

"చూశావా? పైసా రాల్చలేదు," అన్నాడు టైంకీపరు అప్పుడు.

"ఎందుకు రాల్చాలి మామయ్యగారూ? ఆయన పని ఆయన చేసుకున్నాడు, నా పని నేను చేసుకున్నాను. మాస్టారు పాసయ్యారు, అంతే."

కాని గడువు దగ్గర పడుతోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో ఫ్యాక్టరీకి ఏదో ఒకటి చెప్పాలి. పని వస్తోంది. ఇల్లు గడిచేంత వస్తోందా అంటే ఇంకా లేదు. వీధిలో సగం మంది పీటకి భయపడి రావడమే మానేశారు. "పాత రోజులు మళ్లీ రాకపోతాయా" అని కాచుకుని కూర్చున్నారు.

ఆ రోజే పదకొండు గంటల వేళ వసారా ముందు స్కూటరు ఆగింది.

"ఒరేయ్ టైమూ! బతికే ఉన్నావా?"

డిపోలో హెడ్ మెకానిక్కు. పాతికేళ్ల స్నేహం. చంకలో పెద్ద గుడ్డల మూట. టైంకీపరు మొహం వెలిగిపోయింది. కుర్చీ లాగి వేశాడు, టీ పెట్టమని లోపలికి కేకేశాడు. ఇద్దరూ డిపోలో ఎవరెవరు పోయారో, ఎవరెవరికి పళ్లూడాయో చెప్పుకుని పగలబడి నవ్వారు. చివరికి మెకానిక్కు మూట ముందుకు జరిపాడు.

"మనవడికి స్కూలు యూనిఫారాలు రా. మూడు జతలు. బడి సోమవారం తెరుస్తారు. మీ ఇంట్లో మళ్లీ మిషన్ ఆడుతోందని విన్నాను. ఎంతవుతుందో కనుక్కుందామని..."

"ఛీ, నోరుముయ్! నా ఇంట్లో మిషన్ పెట్టుకుని నీ దగ్గర డబ్బా? అమ్మాయి కుట్టి పెడుతుంది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు." మూట తనే ఎత్తుకుని లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టాడు. "అమ్మాయ్, ముందు ఇది చూడు. మనవాళ్లే."

కోడలు మిషన్ ఆపింది. అతని వంక చూడలేదు. మూట విప్పి గుడ్డ కొలిచి, గుమ్మంలోకి వచ్చిన మెకానిక్కుతో నవ్వుతూ ధర చెప్పింది. "ఆదివారానికల్లా ఇచ్చేస్తాను బాబాయిగారూ. ఊరికే అయితే మాత్రం పీట ఖాళీగానే ఉంది."

టైంకీపరుకి తల కొట్టేసినట్టయింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? నేను మాటిచ్చాను!"

"మాట మీరిచ్చారు మామయ్యగారూ. చేతులు నావి."

"నా స్నేహితుడి ముందు నా పరువు తీస్తావా?"

"మీ స్నేహితుడికి మీరు పెట్టాలనుకుంటే పెట్టండి. కాదన్నానా? మీ జేబులోంచి పెట్టండి. లేదా ఇదిగో సూది, మీరే కూర్చుని కుట్టి పెట్టండి. నన్ను తీసి దానం చెయ్యకండి. వీధి వాళ్లు ఊరికే అడిగితే వాళ్లు హంతకులు. మీరు అడిగితే?"

"మీ అత్తయ్య..." అతని గొంతు పెరిగింది. "మీ అత్తయ్య ముప్పై ఏళ్లలో ఒక్కసారి, ఒక్కసారి నాకు ఎదురు చెప్పిందా? ఎన్ని మూటలు తెచ్చినా..."

అక్కడ ఆగిపోయాడు. ఎవరూ ఆపలేదు. తన మాట తన చెవినే పడింది.

మూలన కూర్చున్న ఆడవాళ్లు కళ్లు దించుకున్నారు. మెకానిక్కు మెల్లిగా జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు.

"దాంట్లో తప్పేముందిరా? నేను ఇద్దామనే వచ్చాను. అప్పుడూ ఇద్దామనే చూసేవాణ్ణి. డిపోలో అందరం అనుకునేవాళ్లం, యూనిఫారం గుడ్డ వచ్చినప్పుడల్లా వదిన ఇంతమందికి కుట్టి పెడుతోంది, ఏదో ఒకటి ముట్టజెప్పాలని. నువ్వే పడనిచ్చేవాడివి కాదు. ఒకసారి నువ్వు లేవనుకుని వదిన చేతిలో నోటు పెట్టాను. తీసుకుంది కూడా. అంతలో నువ్వు ఈ గుమ్మంలోకి వచ్చావు. ఏమీ అనలేదులే, ఊరికే చూశావు. వెంటనే తిరిగి నా చేతిలో పెట్టేసింది. 'వద్దు అన్నయ్యా, ఆయనకి నచ్చదు' అంది."

అతను దెప్పాలని చెప్పలేదు. పాత సంగతి గుర్తొచ్చి చెప్పాడంతే. అందుకే అది నేరుగా దిగింది.

టైంకీపరు లోపలి గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకున్నాడు. అతనికి అన్నీ గుర్తున్నాయి. నిమిషం ఆలస్యమైతే జరిమానా రాసే కర్కోటకుడని డిపోలో తిట్టుకునే డ్రైవర్లే, చొక్కాలు కుట్టించి తెచ్చిన రోజున 'టైంకీపరు మనసు వెన్న' అనేవారు. ఆ మాట వినడం కోసం మళ్లీ మళ్లీ మూటలు మోసుకొచ్చాడు. వీధి తెచ్చింది జిప్పులు, గలీబులు. అతను తెచ్చింది డిపో మొత్తం. ఆ వెన్న ఎవరి వేళ్లలోంచి వచ్చిందో ఏనాడూ చూడలేదు.

మధ్యాహ్నం కోడలు మంచినీళ్లు పట్టుకుని వచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది మామయ్యగారూ. నాకూ కోపం ఆగలేదు. అత్తయ్య కుట్టిన కాజాలు చూశాను, మీ పాత చొక్కాలకి. పదకొండేళ్లు మిషన్ మీద చేసినదాన్ని, నాకు రాదు ఆ పని. ఫ్యాక్టరీలో ఎవరికీ రాదు. అంత పనితనం ఊరికే పోయిందని ఒళ్లు మండుతుంది నాకు."

అతను గ్లాసు అందుకున్నాడు. తాగలేదు.

"ఏం కొనుక్కుందామనుకుందో," అన్నాడు.

"ఎవరు?"

"మీ అత్తయ్య. ఆ నోటుతో. చెయ్యి చాచిందంటే ఏదో కావాలనేగా. ఏం కావాలో నేను అడగలేదు."

కోడలు నేల మీద కూర్చుండిపోయింది. అతను గోడవైపు తిరిగాడు. భార్య పోయిన రోజున కూడా ఏడవని మనిషి. అప్పుడు ఏడవడానికి బదులు తిట్టడానికి వీధి ఉంది. ఇప్పుడు ఎవరూ లేరు.

మొహం తుడుచుకుని, "ఫ్యాక్టరీకి నెలాఖరు దాకా ఎందుకు? ఇవాళే చెప్పెయ్, రానని," అన్నాడు.

"నడుస్తుందంటారా?"

"నా ఇంట్లో, నా ఎదురుగా, నా స్నేహితుడి దగ్గర వసూలు చేశావు. ఇక ఈ వీధొక లెక్కా?"

కోడలు కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

అతను చెప్పినట్టే జరిగింది. మూలన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లూ సాయంత్రానికల్లా వీధంతా చాటారు. టైంకీపరు పాతికేళ్ల స్నేహితుడికే మినహాయింపు లేనప్పుడు మనకెక్కడిదని, కాచుకుని కూర్చున్నవాళ్లంతా మూటలతో దిగారు. గొణుక్కుంటూనే ఇచ్చారు. కాని ఇచ్చారు. మర్నాడు అతను చెప్పులు వేసుకుని డిపోకి వెళ్లాడు. టీ కొట్టు దగ్గర డ్రైవర్లు లేచి నిలబడ్డారు. "యూనిఫారాలు కుట్టించుకోవాలంటే మా కోడలి దగ్గరికి రండి. మా ఊళ్లో అంత పనిమంతురాలు లేదు. డబ్బు తీసుకుని రండి," అన్నాడు. వాళ్లు టీ ఇప్పిస్తామంటే తన టీకి తనే ఇచ్చుకుని వచ్చేశాడు.

ఆదివారం కొడుకు ఇంటికొచ్చాడు. ఎవరి దగ్గర ఎంత విన్నాడో, అన్నం దగ్గర తల దించుకుని అడిగాడు. "నాన్నా, అమ్మ విషయంలో మొన్న ఏదో..."

"అది అయిపోయింది. ఈ ఇంట్లో ఆ సంగతి ఇంకెవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

కొడుకు పెళ్లాం వంక చూశాడు. ఆమె వద్దని తల ఊపింది.

వీధి వాళ్లని అతను క్షమించలేదు. క్షమించే అలవాటు లేదు. కాని భార్యని వాళ్లు చంపారని చెప్పడం ఆ రోజుతో మానేశాడు. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మొత్తం అతను చెప్పడు.