ఖాళీ విల్లాలో జాంబవంతుడు

గల్ఫులో, మదీనత్ ఖలీఫా పేటలో ఆ ఖాళీ విల్లాకి మంచి పేరు లేదు. ఏసీ కూడా లేని కొంపలో దెయ్యం ఎలా కాపురం చేస్తుందో దానికే తెలియాలి. అయినా రాత్రి ఇషా నమాజు దాటాక లోపల ఎవరో గొణుగుతారని చుట్టుపక్కల పనివాళ్ళంతా చెప్పుకునేవారు.

పక్కింటి సుబ్బలక్ష్మిగారి దగ్గర వంటమనిషి ఆంజనమ్మ. చేరిన రోజు మేడమ్ అడిగిన మొదటి మాట వంటొచ్చా అని కాదు.

"మీరేవిట్లు?"

"కాపులమండీ."

మాదిగపేటలో పుట్టి, ఊరందరి చేలల్లో నడుం వంచి నాట్లేసిన మనిషి — విమానం దిగేసరికి కాపు అయిపోయింది. టిక్కెట్టులో అది కూడా కలిపే ఇస్తారు కాబోలు! ఆ అబద్ధం బయటపడితే పని పోతుంది. పని పోతే ఊళ్ళో కూతురు చరిత నర్సింగు చదువు ఆగిపోతుంది.

ఆ రాత్రి మేడమ్ షుగరు తగ్గాలంటూ వాకింగుకని బయల్దేరింది. ఆంజనమ్మ చెత్త సంచి పట్టుకుని ఖాళీ విల్లా గేటు పక్కనున్న డబ్బా దగ్గరికొచ్చింది.

లోపల్నుంచి... ఆడో మగో తెలియని గొంతు...

"నేల లేదు... నింగి లేదు... అంతా నీళ్ళే..."

అది వాళ్ళ పేటలో తాత చెప్పిన కథ — వాళ్ళ కులం పుట్టుక కథ! మూలపురుషుడు జాంబవంతుడు భూమికంటే ఆరు నెలలు ముందే పుట్టాడట. అంత ముందు పుట్టినాయన, మనవలకి సెంటు భూమి ఉంచడం మాత్రం మర్చిపోయాడు.

కులం దాచినందుకు ఆ జాంబవంతుడు తాతే వచ్చేశాడు... వీసా ఎవరిచ్చారో!

"అంతా నీళ్ళే... నీళ్ళ మీద..."

గొంతు ఆగింది. మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

మూడోసారికి ఆంజనమ్మ నోరు ఊరుకోలేదు —

"నీళ్ళ మీద బుడగ... బుడగలో మన తాత..."



తలుపు కిర్రుమంది. ఫోను లైటు మొహాన పడింది. దాని వెనక — సుబ్బలక్ష్మి మేడమ్!

"మా నాన్న అన్నీ మర్చిపోతున్నాడు..." అంది మేడమ్. "ఉన్నంతవరకైనా మన తాత కథ ఫోన్లో చెప్పించుకుని నేర్చుకుంటున్నా. ఇంట్లో అయితే నువ్వు వింటావు. కాపులావిడవి... వంట మానేసి పోతావని ఇక్కడికొస్తున్నా."

"మరి మీరు పెద్దింటోళ్ళమన్నారు కదండీ?"

"మరి నువ్వో?"

ఇద్దరూ మెట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఆంజనమ్మ కథంతా చెప్పింది. మేడమ్ ఆమె చెయ్యి వదలకుండా విన్నది.

తర్వాత లేచి, చున్నీ దులుపుకుంది.

"ఆంజనమ్మా... ఇంట్లో మాత్రం కిందే కూర్చో. ఎవరైనా చూస్తే అనుమానం వస్తుంది."